దిక్కులేని ఇండ్లు



ఈ ప్రసంగమున నేను పాడుపడిన ఇండ్లను గూర్చి మనవి చేయదలచితిని. విషయము మీకు క్రొత్తది కాదు. ప్రతి గ్రామమునందును అట్టి ఇండ్లు ఒకటి రెండు కానవచ్చును. పైకప్పు కూలియుండును, గోడ సందున రావిమొక్క మొలచియుండును, వాకిట పల్లేరు అల్లుకొనియుండును. అయినను ఆ యింటిముందు నిలిచి "ఇది ఎవరిది?" అని అడిగినచో ఎదుటి అరుగుమీది ముసలివారు తడుముకొనక బదులు చెప్పుదురు. ఫలానావారి యిల్లు, పెద్దకొడుకు పట్టణము చేరినాడు, చిన్నవానికి సంతతి లేదు, దాయాదుల వ్యాజ్యము ఇంకను తెగలేదు అని ఆ వంశపు సంగతి అంతయు వినిపింతురు. ఇల్లు పాడైనను అది ఎవరిదను జ్ఞానము గ్రామమున చెడలేదు.

మహానగరమున సంగతి వేరు. అచ్చట వేలకొలది ఇండ్లు కొద్దికాలములోనే ఖాళీయైనచో, వాటి యజమాని ఎవరో పొరుగువానికి తెలియకుండవచ్చును. పురపాలక సంఘమునకు తెలియకుండవచ్చును. తుదకు న్యాయస్థానమునకును తెలియకుండవచ్చును. అట్టి ఇండ్లను నగరము ఏమి చేయవలెను? ఈ ప్రశ్న అమెరికా సంయుక్త రాష్ట్రములకు 1930 ప్రాంతమున ఒకసారియు, 2007 ప్రాంతమున మరియొకసారియు ఎదురైనది. ఆ దేశమునందలి ఫ్లింటు, క్లీవ్‌లాండు, డెట్రాయిటు అను మూడు నగరములు పడిన పాట్లను, కనుగొన్న ఉపాయములను, ఆ ఉపాయములలో దాగియున్న అన్యాయమును క్రమముగా విన్నవించెదను.

ముందుగా అచ్చటి పద్ధతి కొంత తెలియవలెను. అమెరికాలో సామాన్య గృహస్థు ఇల్లు కొనునపుడు వెలలో కొంతభాగము చేతినుండి ఇచ్చి, తక్కినది అప్పు తెచ్చి, ఆ యింటినే తనఖా పెట్టును. వాయిదాలు తప్పినచో అప్పిచ్చినవారు ఇంటిని జప్తు చేయించి అమ్ముకొందురు. ఇది ఇల్లు పోవు మొదటి త్రోవ. రెండవ త్రోవ ఇంటిపన్ను. పన్ను బకాయిపడినచో కౌంటీ, అనగా మన జిల్లావంటి పాలనాభాగము, ఆ బకాయి క్రింద ఇంటిని తీసికొనును. తనఖా జప్తు ఒకటి, పన్ను జప్తు ఒకటి. ఈ రెండింటిని వేరువేరుగా మనస్సున నుంచుకొనినచో తక్కిన కథ సులభముగా బోధపడును.

1929లో న్యూయార్కు వాటాల విపణి కూలిన పిమ్మట అమెరికాలో గొప్ప ఆర్థికమాంద్యము వ్యాపించెను. ఆ రోజులలో గృహఋణములు చాలవరకు కొద్ది ఏండ్ల గడువు గలవి. గడువు తీరగానే అసలంతయు ఒక్కసారి చెల్లింపవలెను, లేదా క్రొత్త పత్రము వ్రాసికొనవలెను. బ్యాంకులే మూతపడుచుండగా క్రొత్త పత్రము వ్రాయించుకొనువారెవరు? 1933 నాటికి దినమునకు సుమారు వెయ్యి ఇండ్లు జప్తు అగుచుండెను. ఆ సంవత్సరము జూన్ నెలలో ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్టు ప్రభుత్వము గృహయజమానుల ఋణసంస్థ అను నొక ప్రభుత్వసంస్థను నెలకొల్పెను. ఈ సంస్థ బ్యాంకులనుండి తనఖా పత్రములను తాను తీసికొని, గృహస్థునకు 15 ఏండ్ల గడువుతో, తక్కువ వడ్డీతో, నెలవాయిదాల చొప్పున చెల్లించుకొను వీలు కల్పించెను. పదిలక్షలకు పైగా కుటుంబములు ఈ మేలు పొందినవి.

అయినను అందరును గట్టెక్కలేదు. రమారమి రెండు లక్షల ఇండ్లు తుదకు సంస్థపాలయ్యెను. సంస్థ వాటినన్నిటిని ఒక్కమారు విపణిలో కుమ్మరింపలేదు. అట్లు చేసినచో ఊరిలోని తక్కిన ఇండ్ల వెల కూడ పడిపోవునని దాని అధికారులెరుగుదురు. మరమ్మతులు చేయించి, అద్దెకిచ్చి, మంచి బేరము వచ్చినకొలది ఒక్కొక్కటిగా అమ్మిరి. 1951లో లెక్కలు ముగించునాటికి సంస్థకు నష్టము లేకపోగా స్వల్పలాభము మిగిలెను. ఓర్పుగల యజమాని చేతిలో పడినచో జప్తయిన ఇల్లు ఊరికి శాపము కానక్కరలేదని ఈ చరిత్ర చెప్పుచున్నది.

ఇదే సంస్థ మరియొక పని కూడ చేసెను. నగరముల పటములు గీయించి, అప్పు ఇచ్చుటకు ఏ పేట మంచిది, ఏ పేట ప్రమాదకరము అని రంగులతో గుర్తించెను. నల్లజాతివారు నివసించు పేటలు ఇంచుమించుగా అన్నియు ఎఱ్ఱరంగు పాలయ్యెను. ఆ పటములే అన్ని కీడులకును మూలమా అని చరిత్రకారులు వాదించుకొనుచున్నారు గాని, ఆ పేటలవారికి ఉత్తరోత్తర న్యాయమైన గృహఋణము దొరకుట దుర్లభమైనదను మాట నిర్వివాదము. ఈ సంగతి తరువాతి కథకు పనికివచ్చును.

ఇక మూడు నగరముల మాట. డెట్రాయిటు మోటారుకార్ల తయారీకి ప్రపంచప్రసిద్ధి కన్న పట్టణము. ఫ్లింటు దానికి వాయవ్యమున నున్న చిన్న నగరము. జనరల్ మోటార్స్ సంస్థ 1908లో అచ్చటనే పుట్టెను. క్లీవ్‌లాండు ఈరీ అను మహాసరస్సు ఒడ్డున ఇనుము, ఉక్కు కర్మాగారములతో వర్ధిల్లిన నగరము. కర్మాగారములు తరలిపోవుట, యంత్రములు మనుష్యుల పని చేయుట, కలిగినవారు, అందు ముఖ్యముగా తెల్లవారు, శివారు పట్టణములకు వలసపోవుట, ఈ కారణములచేత మూడును తగ్గిపోయెను. డెట్రాయిటు జనసంఖ్య 1950లో 18,49,568, 2010లో 7,13,777. క్లీవ్‌లాండున 1950లో 9,14,808 మంది యుండగా, 2010లో 3,96,815 మంది మిగిలిరి. ఫ్లింటున 1960లో 1,96,940 మంది; 2010లో 1,02,434 మంది. మనుష్యులు బండ్లెక్కి పోగలరు, ఇండ్లు పోలేవు గదా. ఇద్దరికి కట్టిన ఊరిలో ఒక్కడు మిగిలినచో రెండవవాని యిల్లు ఏమి కావలెను?

ఈ పాతరోగమునకు తోడుగా 2000 తరువాత క్రొత్తరోగము వచ్చెను. గృహఋణమిచ్చు సంస్థలు అప్పు తీసికొనువాని రాబడిని సరిగా విచారింపకయే అప్పులిచ్చుట మొదలిడినవి. మొదటి రెండేండ్లు వడ్డీ తక్కువ. పిమ్మట హఠాత్తుగా ఎక్కువ. ఒకప్పుడు ఏ పేటలకు అప్పు నిరాకరించిరో, ఇప్పుడా పేటలకే ఇట్టి చెడ్డ అప్పులను వెంటబడి అంటగట్టిరి. అప్పిచ్చిన సంస్థకు వసూలు చింత లేదు. ఏలయన అది ఆ పత్రమును వెంటనే మరియొకరికి అమ్మివేయును. ఆ రెండవవారు వేల పత్రములను ఒక మూటగా కట్టి, ఆ మూటలో వాటాలను దేశదేశముల మదుపుదారులకు అమ్ముదురు. క్లీవ్‌లాండులోని కూలివాని యింటిమీది తనఖాలో ఎన్నడును ఆ యూరు చూడనివారికి వాటా ఉండును.

పూర్వము తనఖా చేతులు మారినప్పుడెల్ల కౌంటీ రిజిస్ట్రారు కార్యాలయమున రుసుము చెల్లించి నమోదు చేయించు ఆచారముండెను. ఆ శ్రమ తప్పించుకొనుటకై గృహఋణ వ్యాపారులు 1995లో తమలో తాము ఒక సొంత చిట్టాసంస్థను ఏర్పరచుకొనిరి. కౌంటీ దస్త్రములో ఆ చిట్టాసంస్థ పేరే నిలిచియుండును. లోపల పత్రము పదిచేతులు మారినను ప్రభుత్వ పుస్తకమున చేరదు. భూమి దస్త్రముల విలువ నెరిగిన మీకు దీని ఫలితమును వేరుగ చెప్పనక్కరలేదు.

ఆ ఫలితము 2007 అక్టోబరు 31వ తేదీన బయటపడెను. క్లీవ్‌లాండులోని కేంద్రప్రభుత్వ న్యాయస్థానమున క్రిస్టఫర్ బోయ్‌కో అను న్యాయాధిపతి ఎదుట ఒక పెద్ద విదేశీ బ్యాంకు తెచ్చిన 14 జప్తు దావాలు విచారణకు వచ్చెను. దావా వేసిన దినమున ఆ తనఖాలు నీవేనని చూపు పత్రములేవి అని ఆయన అడిగెను. బ్యాంకు చూపజాలకపోయెను. పదునాలుగు దావాలను ఆయన కొట్టివేసెను. ఇల్లు విడిచి పొమ్మనుచున్న వానికే ఆ యిల్లు తనదను ఋజువు లేదన్నమాట.

ఇట్టి దినములలో ఒక ఇల్లు ఎట్లు చచ్చునో చెప్పెదను. వాయిదాలు తప్పిన గృహస్థునకు జప్తు నోటీసు వచ్చును. ఇల్లు పోయినదని తలచి అతడు సామాను సర్దుకొని వెడలిపోవును. ఇంతలో బ్యాంకువారు లెక్క చూచుకొందురు. ఆ యింటిని తీసికొన్నచో పన్ను, మరమ్మతులు, కాపలా అన్నియు తమ నెత్తిన పడును. వెల చూడబోయిన అంత రాదు. కావున దావాను నడుమనే వదలివేయుదురు. చట్టప్రకారము ఇల్లు ఇంకను వెడలిపోయిన గృహస్థునిదే. అతనికి ఆ సంగతి తెలియదు. ఏండ్లకు ఏండ్లు పన్ను అతని పేరనే పెరుగుచుండును. ఇంతలో చలికాలము వచ్చును. ఆ దేశమున మంచు కురియును. పొయ్యి వెలుగని ఇంటిలో గొట్టములలోని నీరు గడ్డకట్టి, గొట్టములు పగులును. దొంగలు రాగిగొట్టములను, తీగలను పెరికికొనిపోవుదురు. పిదప అగ్నిప్రమాదములు. ఒక వీధిలో ఇట్టి ఇల్లు ఒకటి వెలసినచో ప్రక్కయింటి వెల పడిపోవును. ప్రక్కవాడు కూడ అమ్మలేడు, అప్పు తీర్చలేడు. క్లీవ్‌లాండులో స్లావిక్ విలేజి అను పేట కలదు. చెక్, పోలండు ప్రాంతములనుండి వచ్చిన కార్మికులు ముచ్చటగా కట్టుకొన్న కఱ్ఱయిండ్ల పేట అది. 2007లో దేశమందంతటను అత్యధికముగా జప్తులు నమోదైన పేటలలో ఒకటిగా పత్రికలకెక్కెను.

నగరము మొదట దోషులను పట్టుకొనజూచెను. 2008 జనవరిలో క్లీవ్‌లాండు నగరము 21 బ్యాంకులపైనను, ఋణసంస్థలపైనను దావా వేసెను. మీరిచ్చిన చెడ్డ అప్పులవలన మా నగరమున ప్రజాబాధకము పుట్టినది, నష్టపరిహారమిండు అని దాని వాదము. 2009లో కేంద్ర న్యాయస్థానము దావాను కొట్టివేసెను. 2010లో అప్పీలు న్యాయస్థానము ఆ తీర్పునే స్థిరపరచెను. అప్పిచ్చుటకును, ఇల్లు పాడగుటకును నడుమ సంబంధము చాల దూరమనిరి.

ఆ నగరమునకు 1980 నుండి ఇండ్ల వ్యవహారములకే ప్రత్యేకించిన న్యాయస్థానమొకటి కలదు. రేమండ్ పియాంకా అను న్యాయాధిపతి 1996 మొదలు 2017లో మరణించువరకు అందు పనిచేసెను. ఇల్లు పాడుపెట్టి పిలుపునకు రాని దూరపు సంస్థలను, వారు లేకయే విచారించి జరిమానాలు విధించుట ఆయన మొదలిడెను. కాని 2010లో ఒహాయో రాష్ట్రపు సర్వోన్నత న్యాయస్థానము, ముద్దాయి హాజరు కానిదే అట్టి విచారణ చెల్లదని నిర్ణయించెను. దండించుటకైనను ఎదుట ఒక మనిషి నిలిచియుండవలెను గదా!

దండనము వలన కాని పని మరియొక మార్గమున కొంత నెరవేరెను. ఆ మార్గము పేరు భూమి బ్యాంకు. బ్యాంకు అను పేరు చూచి అది అప్పులిచ్చునని తలపరాదు. దిక్కులేని ఇండ్లను, స్థలములను తన పేర చేర్చుకొని, హక్కును నిష్కంటకము చేసి, తగినవారికి అప్పగించు ప్రభుత్వసంస్థ అది. సెయింట్ లూయీ నగరము 1971లోనే ఇట్టిదానిని స్థాపించెను. కాని దానికి క్రొత్త రూపమిచ్చినది ఫ్లింటు.

ఫ్లింటు జెనెసీ కౌంటీలోనిది. మిషిగన్ రాష్ట్రపు పాత చట్టముప్రకారము పన్ను బకాయి గల ఇంటిపై ప్రభుత్వమునకు గల హక్కును ప్రతియేటను వేలమున అమ్మెడివారు. వ్యాపారులు ఆ హక్కు కొని గృహస్థునినుండి అధికమైన వడ్డీతో వసూలు చేసికొనెడివారు. వసూలు కానిచో ఇల్లు వదలివేసెడివారు. ఒక ఇంటి హక్కు తేలుటకు ఆరేడేండ్లు పట్టెడిది. అప్పటికి ఇల్లు కూలిపోయెడిది. 1999లో మిషిగన్ శాసనసభ ఈ చట్టమును మార్చెను. బకాయిల వేలమును రద్దుచేసి, బకాయిపడిన మూడవ సంవత్సరమున న్యాయస్థానపు తీర్పుతో ఇంటి హక్కు నేరుగా కౌంటీ ఖజానాదారునకు సంక్రమించునట్లు చేసెను. నిజముగా కష్టములోనున్న గృహస్థునకు గడువు పొడిగించు అధికారమును కూడ ఖజానాదారునకు ఇచ్చెను.

అప్పుడు జెనెసీ కౌంటీ ఖజానాదారు డాన్ కిల్డీ. ఆయన 2002లో ఈ చట్టమునాధారముగా చేసికొని భూమి బ్యాంకునకు పునాది వేసెను. 2003 నాటి మరియొక శాసనముతో అది 2004లో పూర్ణరూపము దాల్చెను. దాని నడక ఇట్టిది. జప్తయిన ఇండ్లనన్నిటిని ఒక్క పద్దుగా చూచును. నాలుగు డబ్బులు తెచ్చు ఇంటిని అమ్మి, ఆ సొమ్ముతో అమ్ముడుపోని ఇంటిని మరమ్మతు చేయించును, లేదా పడగొట్టించును. బకాయిలమీది వడ్డీయు, రుసుములును దీనికే చేరును. ఖాళీస్థలమును ప్రక్కయింటివారికి స్వల్పవెలకు ఇచ్చును. వారు దానిని దొడ్డిగా కలుపుకొని శుభ్రముగా ఉంచుకొందురు. మిగిలిన స్థలములలో గడ్డి కోయుటకు, తోటలు వేయుటకు పేటలలోని సంఘములకు కొంత పైక మిచ్చును. జనరల్ మోటార్స్ స్థాపకుడగు డ్యూరాంటు పేర 1920లో వెలసిన గొప్ప హోటలు 1973లో మూతపడి ముప్పదేండ్లకు పైగా పావురములకు నిలయమైయుండెను. భూమి బ్యాంకు 2005లో దానిని తీసికొనెను; 2010లో అది జనులు కాపురముండు మేడగా మరల తెరువబడెను.

క్లీవ్‌లాండు ఈ మార్గము చూచి నేర్చుకొనెను. ఆ నగరముగల కయహోగా కౌంటీ ఖజానాదారు జిమ్ రొకాకిస్ ప్రయత్నమువలన ఒహాయో శాసనసభ చట్టము చేయగా, 2009లో అచ్చట భూమి బ్యాంకు వెలసెను. అది పెద్ద ఋణసంస్థలతో బేరమాడెను. ఫ్యానీ మే అను మహాసంస్థ తన చేతిలోని పనికిమాలిన ఇండ్లను ఒక్కొక్క డాలరునకు భూమి బ్యాంకునకిచ్చి, పడగొట్టు ఖర్చులో కొంత తాను భరించుటకు ఒడంబడెను. ఇల్లు ఉచితముగా నిచ్చి పైన డబ్బు కూడ నేల ఇచ్చెననగా, దానిని తన పేర నుంచుకొనుటయే అంతకంటె ఖరీదయ్యెను. కేంద్రప్రభుత్వమును 2008లో పాడుపడిన ఇండ్లు గల పేటల నిమిత్తము 392 కోట్ల డాలర్లు కేటాయించి, తరువాతి రెండు సంవత్సరములలో మరికొంత చేర్చెను.

డెట్రాయిటు కథ అన్నిటికంటె పెద్దది. ఆ నగరము 2013 జూలైలో దివాలా దాఖలు చేసెను. అంతటి మహానగరము దివాలా తీయుట అమెరికా చరిత్రలో అదియే ప్రథమము. ఆ చలికాలమున మూడు లక్షల డెబ్బదివేలకు పైగా స్థలములను ఒక్కొక్కటిగా పరిశీలించి, ఫోటో తీసి, పటమున చేర్చిరి. ఎన్ని ఇండ్లు పాడైనవో లెక్కయైనను లేక మందు వేయుటెట్లు? 2014లో ప్రకటించిన నివేదికలో 84,641 ఇండ్లును స్థలములును పాడుపడినవి, లేదా పాడగు లక్షణములు గలవి అని తేలెను. పిదప భూమి బ్యాంకు ద్వారా వేలకొలది ఇండ్లు పడగొట్టించిరి; బాగుపడదగినవాటిని, కొన్నవారు ఆరునెలలలో నివాసయోగ్యము చేయవలెనను నియమముతో అమ్మిరి; ప్రక్కస్థలములను పొరుగువారికి నూరేసి డాలర్లకు ఇచ్చిరి. 2023 నాటి జనగణనశాఖ అంచనాలో, 1957 తరువాత మొదటిసారిగా ఆ నగరపు జనసంఖ్య కొంచెము పెరిగినట్లు కానవచ్చెను.

పెద్దలారా, ఇంతవరకు విని ఇది చక్కని ఉపాయమని మీరనుకొనియుందురు. చక్కనిదే. కాని దీని అడుగున నొక అన్యాయము దాగియుండెను. పన్ను బకాయికై జప్తయిన ఇల్లు బకాయికంటె ఎక్కువ వెల పలికినచో ఆ మిగులు ఎవరిది? మిషిగన్ 1999 చట్టమున మిగులంతయు కౌంటీదే. నేను చెప్పిన "మంచియింటి సొమ్ముతో చెడ్డయింటికి వైద్యము" అనుదానిలో ఈ మిగులు కూడ కలిసియుండెను. అనగా ఊరిని బాగుచేయుటకు, ఇల్లు పోగొట్టుకొన్నవాని ఆస్తిలో నుండి సొమ్ము తీయబడుచుండెను.

అదే రాష్ట్రమున ఓక్లాండు కౌంటీలో ఒక యింటిపై మిగిలిన పన్ను 8 డాలర్ల 41 సెంట్లు. వడ్డీ, రుసుములు కలిసి 285 డాలర్లు దాటెను. కౌంటీ ఆ యింటిని జప్తుచేసి 24,500 డాలర్లకు అమ్మి మొత్తమును తానే ఉంచుకొనెను. 2020 జూలైలో మిషిగన్ సర్వోన్నత న్యాయస్థానము ఇది చెల్లదనియు, బకాయి పోగా మిగిలినది యజమానిదే అనియు తీర్పు చెప్పెను. మూడేండ్లకు దేశపు సుప్రీమ్ కోర్టు ముందునకు మినెసోటా రాష్ట్రపు వ్యవహారము వచ్చెను. 94 ఏండ్ల వృద్ధురాలొకతె వడ్డీ, రుసుములతో కలిపి 15,000 డాలర్లు బాకీపడగా, కౌంటీ ఆమె ఇల్లు 40,000 డాలర్లకు అమ్మి మిగులంతయు ఉంచుకొనెను. 2023 మే 25వ తేదీన న్యాయాధిపతులందరు ఏకగ్రీవముగా ఆమె పక్షమున నిలిచిరి. బాకీకంటె ఎక్కువ తీసికొనరాదను న్యాయము 1215 నాటి ఇంగ్లండు మహాశాసనమగు మాగ్నా కార్టా నుండియు వచ్చుచున్నదని ప్రధాన న్యాయాధిపతి జాన్ రాబర్ట్స్ తన తీర్పున చూపెను.

డెట్రాయిటున ఇంకను బాధాకరమైన సంగతి జరిగెను. మిషిగన్ రాజ్యాంగముప్రకారము పన్నుకై కట్టు ఇంటి మదింపు నిజమైన వెలలో సగము మించరాదు. 2008 తరువాత ఇండ్ల వెలలు పాతాళమునకు పోగా, నగరపు మదింపులు మాత్రము దిగలేదు. 2010 మొదలు 2016 వరకు గృహస్థులపై కనీసము 60 కోట్ల డాలర్లు అధికముగా పన్ను పడెనని డెట్రాయిట్ న్యూస్ పత్రిక 2020లో లెక్కకట్టెను. అంతే కాదు. బీదలకు ఇంటిపన్ను మినహాయింపు చట్టమునందే కలదు. దరఖాస్తు కష్టమగుటచేత, తెలుపువారు లేకపోవుటచేత, ఆ మేలు పొందదగిన వారెందరో పొందలేదు. తాము బాకీయే లేని పన్నుకై ఇండ్లు పోగొట్టుకొనిరి. ఈ విషయమై నడచిన దావా 2018లో రాజీయై, దరఖాస్తు పద్ధతి సుళువయ్యెను. ఇల్లు పోయినవారిలో కొందరికి వెయ్యి డాలర్లకు మరల కొనుకొను వీలు కలిగెను.

దీనినిబట్టి నాకు తోచునది మనవి చేసెదను. పాడుపడిన ఇంటి రోగము గోడలలో లేదు. ఆ యింటికి బాధ్యుడెవరని అడిగినపుడు నేనని పలుకువాడు లేకపోవుటయే ఆ రోగము. 1933 నాటి సంస్థ జప్తయిన ఇండ్లకు తానే బాధ్యత వహించెను గనుక అవి నిలిచెను. 2007లో పత్రములు గాలిలో తిరుగుచు బాధ్యుడు మాయమైనందున పేటలు కూలెను. భూమి బ్యాంకు చేసిన గొప్పపని అంతయు, ప్రతి దిక్కులేని ఇంటికి త్వరగా ఒక దిక్కు చూపుటయే. కాని ఆ త్వరలో పాతయజమాని హక్కును త్రొక్కరాదు. బాకీ ఎంతో అంతే తీసికొనవలెను. మిగులును అతని చేతిలో పెట్టవలెను. ఇల్లు ఖాళీ కాకముందే అతనికి గల మినహాయింపులు, గడువులు తెలియజెప్పవలెను. ఖాళీయింటిని బాగుచేయుటకంటె కాపురమున్న యింటిని ఖాళీకానీయకుండుట తక్కువ ఖర్చు. పరులకు చేయు న్యాయమునకు ఖర్చగునని వెనుదీసిన నగరము పాడుయిండ్లనే పెంచుకొనును.

మన గ్రామములకు ఇందు నేర్చుకొనవలసినది లేకపోలేదు. పూర్వము కరణముగారి దస్త్రమున, ఊరిపెద్దల జ్ఞాపకమున ప్రతి గోడయు ఎవరిదో నిలిచియుండెను. కరణాల పద్ధతి 1984లో రద్దయినది. ఆ జ్ఞాపకము గలవారును ఒక్కొక్కరుగా గతించుచున్నారు. పిల్లలు హైదరాబాదుననో, బెంగుళూరుననో, సముద్రములకు ఆవలనో ఉన్నారు. తాళము వేసిన ఇండ్లు ఏటేట పెరుగుచున్నవి. ఇంటిపన్ను రసీదు ఎవరి పేర వచ్చుచున్నది? పంపకములు కాగితముమీదికి ఎక్కినవా? తండ్రి పోయిన పిమ్మట పంచాయతీ పుస్తకమున పేరు మారినదా? ఈ మూడు ప్రశ్నలకు మీరు జీవించియుండగనే సమాధానములు వ్రాయించి ఉంచినచో, రాబోవు తరమువారు ఆ యింటిముందు నిలిచి "ఇది ఎవరిది?" అని అడిగినపుడు బదులు దొరకును. మీకు తెలిసినది మీతోనే పోనీయవలదని ప్రార్థించుచు సెలవు తీసికొనుచున్నాను.